చిల్లి కాసు

మన ఆడవాళ్ళలో పిన్నీసు దగ్గర లేనివాళ్ళెవరైనా ఉన్నారా? నాకు తెలిసి లేరు. గాజులకో, గొలుసుకో, మంగళసూత్రాలకో రెండు మూడు వేలాడుతూనే ఉంటాయి. పెళ్ళిలో పక్కావిడ పైట జారినా, పిల్లాడి లాగు బొత్తాం ఊడినా, కాల్లో ముల్లు దిగినా చెయ్యి ముందు వెళ్ళేది అక్కడికే. ఇంతటి ఉపకారిని మనం ఒక్కరోజైనా తేరిపార చూడం. నేనూ చూడలేదు, దాని తాతముత్తాతల బొమ్మలు ఒక పుస్తకంలో కనబడేదాకా.

రెండువేల ఏళ్ళ కిందటి రోమను పిన్నులవి. వాళ్ళు బట్టని భుజంమీద రెండు కొసలూ కలిపి వాటితోనే బిగించుకునేవారట. ఒక సూది, వెనక మెలితిప్పిన తీగ, ముందు సూదిమొన దాక్కునే గాడి. అచ్చం మన పిన్నీసే! 1849లో న్యూయార్కులో వాల్టర్ హంట్ అనే ఆయన దీనికి పేటెంటు పుచ్చుకున్నాడని చదివి నవ్వుకున్నాను. రోములో ఏ ముసలమ్మో విని ఉంటే ఆయన్ని నాలుగు దులిపి ఉండేది. కాకపోతే వాళ్ళవి మన వాటిలా బోడిగా ఉండవు. కంచువీ, వెండివీ, పైన రంగురంగుల మీనాపనివీ, అన్నీ ఉన్నాయి. తవ్వకాలు చేసేవాళ్ళకి ఇవంటే ప్రాణం. ఒకరకం పిన్నుమీద ‘అవుకిస్సా’ అని చేసినవాడి పేరు ముద్ర వేసి ఉంటుంది. ఆ రకానివి బ్రిటన్ నుంచి నల్లసముద్రం దాకా దొరికాయి. దొరికిన చోటల్లా పటంమీద చుక్క పెట్టుకుంటూ పోయి, ఇదిగో వీళ్ళకీ వాళ్ళకీ ఇంత సంబంధం ఉండేది అని చెబుతారు పండితులు.

కాదనడానికి నేనెవరిని? కానీ నా మనసులో ఒక పురుగు తొలవడం మొదలుపెట్టింది. వస్తువు చేరినంత మాత్రాన మనుషులు ఒకరికొకరు చేరినట్టేనా?

మన చీరకి ఆ పిన్నుతో పనిలేదు. కుచ్చెళ్ళు దోపి, పైట వేసుకుంటే సరి. అందుకే కాబోలు, రోము నుంచి మన ఆడవాళ్ళ ఒంటిమీదికి వచ్చిన సొమ్ము పిన్ను కాదు, కాసు. ఆ కాసు కథ నాకు తగుమాత్రం తెలిసిందే అయినా, నా గుండెకి తగిలింది మాత్రం మొన్న పెంటపాడులో, మా అమ్మమ్మ కాసులపేరు పంపకాల దగ్గర.

ఆ కాసులపేరు అమ్మమ్మకి వాళ్ళత్తగారి దగ్గర్నుంచి వచ్చింది. అంటే మా తాతమ్మది. మొత్తం ఇరవైరెండు కాసులు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, కాలవల్లో నీళ్ళు పారి, మా వైపు వరి పండి, ధాన్యం అమ్మిన డబ్బుతో జనం బంగారం మొహం చూసిన కాలం ఒకటుంది. ఇంగ్లండు సవరన్‌ని 1899లో పదిహేను రూపాయల లెక్కన మనదేశంలోనూ చెల్లే నాణెం చేశారు. 1918లో బొంబాయిలోనే ముద్రించారు కూడా. కొన్నవాళ్ళు వాటితో బజారుకెళ్ళి బెల్లం కొనలేదు. తిన్నగా కంసాలి దగ్గరికెళ్ళి, ఒక్కొక్కదానికి చిన్న రింగు టంకం పెట్టించి, వరసగా గుచ్చి మెళ్ళో వేసుకున్నారు. డబ్బుని డబ్బుగా ఉండనివ్వకపోవడం మన ఆడవాళ్ళ జన్మహక్కు గదా!

తాతమ్మ కాసుల్లో ఎక్కువ జార్జి రాజువి, కొన్ని ఎడ్వర్డువి. వెనకవైపు గుర్రమెక్కి కింద ఉన్న ఘటసర్పంలాంటి దాన్ని పొడుస్తున్న వీరుడు. అది వాళ్ళ సెయింట్ జార్జి అని నేను ఇంగ్లీషు చదువుకున్నాక తెలిసింది. మా తాతమ్మ లెక్కలో ఆయన కల్కిమూర్తి. నడిమధ్య కాసు మాత్రం వేరు. అన్నిటికంటే పాతది, అరిగిపోయింది, దానికి రింగు లేదు, తలపైన ఏకంగా చిల్లు పొడిచేశారు. విక్టోరియా రాణిది. వరలక్ష్మీవ్రతం నాడు కలశం ముందు తమలపాకులో ఆ కాసే పెట్టి, పసుపూ కుంకుమా వేసి పూజ చేసేవారట. సముద్రాలకవతల విడో రాణీగారికి మా పెంటపాడులో శ్రావణ శుక్రవారం తొమ్మిది రకాల పిండివంటలు నైవేద్యం!

1929లో గాంధీగారి ఖద్దరు నిధికి ఆడవాళ్ళు ఒంటిమీది నగలు ఒలిచి ఇచ్చిన రోజుల్లో తాతమ్మ కూడా రెండు గాజులు తీసి ఇచ్చిందట. కాసులపేరు మాత్రం ఇవ్వలేదట. ఖద్దరు కట్టే తాతయ్య, “తెల్లవాళ్ళని వెళ్ళగొడదామని నేను తిరుగుతోంటే నువ్వు రాజుగారిని గుండెలమీద పెట్టుకు తిరుగుతున్నావు” అని ఎకసెక్కం చేస్తే, “ఆయన్ని రింగు పెట్టి కట్టేశాగా, ఎక్కడికి పోతాడు?” అందిట. ఈ మాట మా ఇంట్లో నాలుగు తరాలుగా చెప్పుకుంటున్నాం. తాతమ్మ నిజంగా అందో, తర్వాతివాళ్ళు అతికారో నేను పూచీ పడను.

ఇప్పుడు రెండువేల ఏళ్ళు వెనక్కి రండి. గ్రీకు నావికుడెవరో రాసుకున్న ప్రయాణపు పుస్తకంలో మన తీరం ‘మసాలియా’. కృష్ణా గోదావరుల నడుమ భూమి. అక్కడ సన్నబట్ట ఎక్కువగా నేస్తారని రాసుకున్నాడాయన. తర్వాత టాలెమీ చెప్పిన ‘కొంటకొస్సిల’ మన ఘంటశాలే. శాసనాల్లో అది కంటకసెల. కొల్లేటికి అవతల పట్టున ఉన్న ఊరు! ఆ బట్టకీ, మిరియాలకీ, ముత్యాలకీ రోమువాళ్ళు బంగారం పోసేవారు. ఆగస్టస్ కాలపు రోమను బంగారు నాణెం తూకం ఇంచుమించు ఎనిమిది గ్రాములు. సవరనూ అంతే. మన కంసాలి కాసు అన్నా అంతే. కాకతాళీయమే కానీ, చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ప్లినీ అనే రోమను పెద్దమనిషికి ఈ వ్యాపారం సుతరామూ నచ్చలేదు. ఇండియా, చైనా, అరేబియా కలిసి ఏటా పదికోట్ల సెస్టర్సులు లాగేస్తున్నాయని లెక్కగట్టి, ఆ తప్పు ఎవరిమీద వేశాడో ఊహించండి. విలాసాలమీదా, ఆడవాళ్ళమీదా! దేశమేదైనా, కాలమేదైనా, ఇంటి బడ్జెట్టు తలకిందులైతే వేలు మనవైపే. ఆ ప్లినీగారు 79వ సంవత్సరంలో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు పోయారు. అదే బూడిద కింద పాంపేయి ఊళ్ళో ఒక ఇంట్లో దంతపు బొమ్మ ఒకటి కప్పడిపోయి, 1938లో బయటపడింది. మనదేశపు అమ్మాయి. మెడనిండా నగలు, చేతులనిండా గాజులు, నడుముకి వడ్డాణం, పక్కన ఇద్దరు చెలికత్తెలు. ఇప్పుడు నేపుల్సు మ్యూజియంలో ఉంది. మొదట లక్ష్మి అన్నారు, యక్షి అన్నారు. ఎవరైతేనేం, ప్లినీ దేశంలో ఎవరో ఆమెని ఇంట్లో పెట్టుకున్నారు. ఇక్కడ విక్టోరియాని లక్ష్మి అనుకున్నట్టే, అక్కడివాళ్ళు ఈమెని ఎవరనుకున్నారో!

మరి ఇటు వచ్చిన కాసులు? గుంటూరు వైపు వినుకొండలో 1889లో పదిహేను బంగారు నాణేలు దొరికాయి. తెలంగాణాలో నల్లగొండ, కరీంనగర్ వైపు వెండివి కుండలకొద్దీ దొరికాయి. వాటిలో కొన్నిటిమీద చక్రవర్తి మొహానికి అడ్డంగా ఉలితో పెట్టిన గాటు ఉంటుంది. లోపల కూడా వెండేనా అని పరీక్షించడానికి పెట్టారని కొందరూ, నీ పెత్తనం ఇక్కడ చెల్లదని చెప్పడానికని కొందరూ అంటారు. బంగారు కాసులకి మరో మర్యాద జరిగింది. దక్షిణాదిన దొరికిన రోమను, బైజాంటియం బంగారు నాణేల్లో చిల్లులు పొడిచినవి బోలెడు. చాలావాటికి ఒకటి కాదు, పక్కపక్కనే రెండేసి. అదీ మొహానికి పైన, దారం ఎక్కిస్తే తల వంకరపోకుండా నిటారుగా నిలిచేటట్టు. నిజం కాసు కొనలేనివాళ్ళకి మట్టితో అచ్చుపోసిన రోమను కాసులు కూడా ఉండేవి. మెదక్ వైపు కొండాపురం తవ్వకాల్లో దొరికాయి. అప్పటి గిల్టు నగలన్నమాట!

నాణేలు సేకరించేవాళ్ళకి చిల్లి కాసంటే చిన్నచూపు. చిల్లు పడిందంటే ధర పడిపోయినట్టే. మనకీ అంతే గదా, చేతిలో ‘చిల్లిగవ్వ’ లేదంటాం. నాకు మాత్రం ఆ చిల్లే అసలు సాక్ష్యంలా కనబడుతుంది. కాసుమీది రాతా, రాజూ, దేవతా అంతా వాళ్ళదే. మనది అని చెప్పుకోవడానికి దానిమీద ఉన్నది ఆ చిల్లొక్కటే. తల నిటారుగా నిలవాలని చూసుకుని మరీ పొడిపించిందంటే, ఆవిడెవరో ఆ మొహాన్ని తేరిపార చూసిందన్నమాట. ఎవరో తెలియకపోయినా, తలకిందులుగా వేలాడదీయడానికి మనసొప్పలేదు.

నాగార్జునకొండలో దొరికిన రోమను బంగారు కాసుల్లో ఒకటి టైబీరియస్‌ది, ఇంకొకటి ఆంటొనైనస్ పయస్ చక్రవర్తి భార్య ఫౌస్టీనాది. భార్య పోయాక ఆయన ఆవిడ బొమ్మతో నాణేలు విరివిగా వేయించాడు. ఆ ఇల్లాలి మొహం ఎక్కడెక్కడో తిరిగి కృష్ణ ఒడ్డుకి చేరింది. అదీ ఎలాంటి ఊరికి! ఇక్ష్వాకుల మగవాళ్ళు అశ్వమేధాలు చేస్తోంటే, ఆడవాళ్ళు బౌద్ధ స్తూపాలు కట్టించిన ఊరు. రాజుగారి అక్కచెల్లెళ్ళలో ఒకరైన చాంతిసిరి పేరు అక్కడి స్తంభాలమీద మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఉజ్జయిని నుంచి వచ్చిన రాణి రుద్రధర భట్టారిక ఒక రాతిస్తంభమూ, నూటడెబ్బై ‘దినారి మాషకాలూ’ ఇచ్చిందని ఒక శాసనంలో ఉంది. దినారి అంటే రోమువాళ్ళ దినారియస్సే. ఆ మాట మన నోట నిలిచిపోయి, మరో వెయ్యేళ్ళు గడిచాక శ్రీనాథుడి కనకాభిషేకం నాటికి కూడా దీనార టంకాలుగానే ఉంది. రోమూ లేదు, ఆ కాసూ లేదు, మాట ఉంది. ఆ లోయ కూడా నాగార్జునసాగర్ నీళ్ళ కిందకి వెళ్ళిపోయింది. మిగిలినవి కొండమీది మ్యూజియంలో ఉన్నాయి.

ఇంతవరకూ చదివి, ఆహా ఎంత చక్కటి సంబంధం అనుకుంటున్నారు గదా? నేనూ అలాగే మురిసిపోయి ఉండేదాన్ని, నరసాపురం లేసు గుర్తురాకపోతే.

మా పెంటపాడుకి పెద్ద దూరమేమీ కాదు నరసాపురం, పాలకొల్లు. పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండు మిషనరీ దంపతులు నేర్పిన లేసల్లిక అక్కడి ఇళ్ళల్లో పాకిపోయింది. వంటయ్యాక అరుగుమీద కూచుని కొక్కెంసూదితో అల్లిన పువ్వులు ఓడలెక్కి దొరల భోజనాల బల్లలమీద పరుచుకున్నాయి. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఇక్కడికొచ్చి, ఆ ఆడవాళ్ళతో మాట్లాడి, 1982లో పుస్తకం రాసింది. వాళ్ళు పొద్దస్తమానం చేసే చాకిరీని ‘ఖాళీ వేళల్లో ఇల్లాళ్ళ కాలక్షేపం’ అని పేరుపెట్టి, వ్యాపారులు ఎంత తక్కువ కూలితో సరిపెట్టారో అందులో చెప్పింది. రేపు ఇంకో రెండువేల ఏళ్ళకి ఆ లేసు ముక్క ఏ దొరగారి పెట్టెలోనో దొరికితే, పండితులు పటంమీద చుక్క పెట్టి ‘ఈ రెండు ప్రాంతాలకీ గాఢమైన సాంస్కృతిక సంబంధం’ అని రాయరూ? సంబంధం నిజమే. అల్లినామె కళ్ళు ఎర్రబడ్డాయన్న సంగతి లేసులో కనబడదు. మసాలియా సన్నబట్ట నేసినవాడికి ఎంత ముట్టిందో రోమను కాసులో కనబడనట్టే.

ఈ ఆలోచనలన్నీ బుర్రలో గుబగుబలాడుతూండగానే నేను పెంటపాడు వెళ్ళాను. అమ్మమ్మ పోయి ఏడాదైంది. పెద్దమ్మ, అమ్మ, పిన్ని ముగ్గురూ మండువాలో చాపమీద కూచుని ఉన్నారు. మధ్యలో పళ్ళెంలో కాసులపేరు. తలా ఏడు కాసులు, ఒకటి మిగులు. పెద్దమ్మ తన వాటా కరిగించి అమ్మేస్తానంది. డల్లాసులో ఉన్న పిన్ని కూతురు ఫోనులో మొహం చూపిస్తూ, తన కోసం ఒక్క కాసు లాకెట్టుకి ఉంచి మిగతావి ఏమైనా చేసుకోమంది.

నేను ఊరుకోవచ్చు గదా? ఊరుకోలేదు. రోమునీ, నాగార్జునకొండనీ, తాతమ్మనీ అందర్నీ లాక్కొచ్చి ఒక ఉపన్యాసం ఇచ్చాను. “నూరేళ్ళ పేరు పెద్దమ్మా! విడగొడితే ఇంకేముంది, ఉత్త బంగారం. ఎవరిదగ్గరో ఒకరిదగ్గర ఉంచేద్దాం” అన్నాను.

పెద్దమ్మ కోపం తెచ్చుకోలేదు. మోకాలు చేత్తో నొక్కుకుంటూ, “నీకేమే, రాసుకుంటావు. నేను మెట్లు దిగొద్దూ?” అంది.

రెండు మోకాళ్ళకీ ఆపరేషను చెయ్యాలన్నారట. కొడుకుని అడగడం ఇష్టంలేక ఏడాదిగా ఓర్చుకుంటోందట. నాకు సిగ్గేసింది. ఆవిడ మెట్లు దిగలేని మోకాళ్ళమీద నేను మ్యూజియం కట్టబోయాను!

ఆ రాత్రి నిద్ర పట్టక ఇంకో సంగతి తట్టింది. మనకి దొరికిన ఆ కుండల బంగారం, వెండి... ఎందుకు దొరికాయి? ఎవరో భయపడి పాతిపెట్టి, మళ్ళీ వచ్చి తవ్వుకోలేకపోయారు గనక. దొంగలొచ్చారో, జబ్బే చేసిందో, వాళ్ళు తిరిగి రాలేదు. వాళ్ళ అవసరానికి అందకుండా పోయిన కాసులే మన మ్యూజియాల్లో మెరుస్తున్నాయి. అక్కరకొచ్చినవి ఒక్కటీ మిగల్లేదు. కూతురి పెళ్ళికి, కరువు ఏటి గింజలకి, పురుటి మంచానికి అన్నీ మూసలో పడి కరిగిపోయాయి. బంగారానికి చావులేదు గనక అవన్నీ ఎక్కడికీ పోలేదు కూడా. టైబీరియస్ చెంప తాలూకు రజను ఏ పెళ్ళికూతురి ముక్కుపుడకలోనో ఇవాళ్టికీ ఉండి ఉంటుంది. అక్కడ చుక్క పెట్టడానికి ఏ పటమూ పనికిరాదు. మరి ఏది గట్టి సంబంధం, కుండలో నిలిచిపోయిందా, కరిగి కలిసిపోయిందా? చిల్లుపడి మెళ్ళో వేలాడింది ఈ రెంటికీ మధ్యన ఎక్కడో ఉంది. తెల్లవారేసరికి నాకు తేలింది ఒక్కటే, పెద్దమ్మతో వాదించే హక్కు నాకు లేదని.

పొద్దున్నే అందరం తాడేపల్లిగూడెం వెళ్ళాం. కంసాలి గీటురాయిమీద గీసి చూశాడు, తూచాడు, రింగుల టంకానికి తరుగు చెప్పాడు. పెద్దమ్మ ఏడు కాసులూ అక్కడే ఇచ్చేసింది. పిన్ని ఒకటి ఉంచుకుంది. మిగిలింది విక్టోరియా.

“ఇది తూకం రాదమ్మగారూ. అరిగిపోయింది, చిల్లు కూడానూ. కరిగించి మూడు వాటాలు చేసెయ్యమంటారా?” అన్నాడు.

పెద్దమ్మ సరేనంది. పిన్ని తలూపింది. అమ్మ ఏమీ అనలేదు, పళ్ళెంలో కాసుని వేలితో తిప్పుతూ కూచుంది. నాకు తెలుసు, వ్రతం నాడు ఆ కాసుకి కుంకుమ పెట్టే పని చిన్నప్పుడు అమ్మదేట. నేను గొంతు సవరించుకుని, ఆ కాసు ఇవాళ్టి ధరకి నేను కొంటాను, మీ రెండు వాటాల డబ్బూ ఇచ్చేస్తానన్నాను. ఈసారి ఉపన్యాసం లేదు.

“డబ్బెందుకే, ఉంచుకో” అంది పిన్ని. పెద్దమ్మ మాత్రం “లెక్క లెక్కే” అని తీసుకుంది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని మరీ పర్సులో పెట్టుకుంది. ఎందుకో గానీ నాకు హాయిగా అనిపించింది. కాసు తీసి అమ్మ చేతిలో పెట్టాను.

స్టేషన్లో కూచున్నాం. కాసుని పర్సులో వేస్తే పోతుందేమోనని అమ్మకి భయం, కొంగున కడితే జారుతుందేమోనని భయం. చివరికి గాజుకున్న పిన్నీసు ఒకటి తీసింది. దాని సూదిని కాసు చిల్లులోంచి దూర్చి, రవిక లోపలివైపు గుచ్చుకుని, టిక్కుమని మూసింది. సూది తిన్నగా దూరింది, దానికోసమే పొడిచినట్టు.

“రాణీగారు తలకిందులుగా లేదు గదా?” అన్నాను.

అమ్మ తడుముకుని చూసుకుంది. మళ్ళీ విప్పి, సరిచేసి పెట్టుకుంది.